తాగుడును లెక్కించే ఫోను

మనిషి తన అలవాటును తాను కొలుచుకోగలిగితే దానిని అదుపులో పెట్టుకోగలడని వైద్యులు చాలాకాలంగా చెపుతున్నారు. మధుమేహం ఉన్నవారు రక్తంలోని చక్కెరను, బరువు తగ్గదలచినవారు తూకాన్ని పుస్తకంలో వ్రాసుకోవడం మనం చూస్తూనే ఉన్నాము. ఇదే సూత్రాన్ని తాగుడుకు అన్వయించి పడమటి దేశాలవారు గత పది పన్నెండేళ్ళుగా స్మార్టుఫోనులో పనిచేసే యాపులను తయారుచేస్తున్నారు. తాగినప్పుడల్లా ఎంత తాగినదీ ఫోనులో నమోదు చేయాలి. ఫోను వారానికి లెక్క కట్టి, ముందుగా పెట్టుకున్న హద్దు దాటితే హెచ్చరిస్తుంది. ఆసుపత్రికి పోనక్కరలేదు, ఎవరికీ చెప్పుకోనక్కరలేదు, ఖర్చు స్వల్పం. వినడానికి బాగానే ఉన్నది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతపు మనిషికి ఇది ఎంతవరకు పనికివస్తుంది, ఎక్కడ పనికిరాదు అన్నది ఇక్కడ పరిశీలించదలచాను.

ఈ పరిశీలనకు నన్ను పురికొల్పినది పుస్తకం కాదు, మా మేనమామ. నాగావళి ఒడ్డున ఒక పల్లెలో ఆయన తాపీపని చేస్తాడు. వయస్సు యాభై దాటింది. శనివారం సాయంత్రం బట్వాడా కాగానే ఒక క్వార్టరు సీసా, తాళ్ళకు కుండలు కట్టే రోజులలో అప్పుడప్పుడు కల్లు, ఇంతే ఆయన తాగుడు. ఇంట్లో గొడవ లేదు, పని ఎగగొట్టడం లేదు. ఆయనను తాగుబోతు అంటే ఊరే ఒప్పుకోదు. కిందటి సంవత్సరం ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు ఎక్కువగా ఉన్నదని చూసి, తాగుడు తగ్గించుకొమ్మని డాక్టరు చెప్పారట. దసరా సెలవులకు నేను వెళ్ళినప్పుడు పక్కకు పిలిచి, “అల్లుడూ, మానీయమంటే మానీసేవోడిని. తగ్గించమన్నాడు. ఎంత తగ్గితే తగ్గినట్టు? నువ్వు సదువుకున్నోడివి, సెప్పు” అన్నాడు.

ఆ ప్రశ్నకు నావద్ద జవాబు లేదు. జవాబు లేని చదువుకున్నవాడు చేసే పనే నేనూ చేశాను. ఇంగ్లీషులో ఉన్న ఒక విదేశపు యాపును ఆయన ఫోనులో ఎక్కించాను. నేను చదివి తెలుగులో అడుగుతూ వచ్చాను. నిన్న ఎన్ని పింట్ల బీరు తాగారు? మధ్యరకం గ్లాసుతో ఎన్ని గ్లాసుల ద్రాక్షసారాయి పుచ్చుకున్నారు? అన్నింటికీ ఆయన తల అడ్డంగా ఊపి, చివరకు “ఏటిరా ఇది, ఇందులో ముంత ఏదీ?” అన్నాడు. నేను కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవాడిని. ముంతను గ్రాములలోకి మార్చడం అప్పటికి నాకు చేతకాదని ఒప్పుకోవడానికి సిగ్గువేసింది. ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను.

లెక్క తొమ్మిదో తరగతి పిల్లవాడు చేయగలిగినదే. క్వార్టరు సీసాలో ఉండేది 180 మిల్లీలీటర్లు. మన దేశంలో బ్రాందీ, విస్కీ, రమ్ము సీసాలపై సాధారణంగా 42.8 శాతం అని అచ్చువేసి ఉంటుంది. పాత పద్ధతిలో 25 డిగ్రీలు అండర్ ప్రూఫ్ అనేదీ ఇదే. ఘనపరిమాణంలో నూటికి 42.8 పాళ్ళు ఈథైల్ ఆల్కహాలు అని దీని అర్థం. అనగా ఆ సీసాలో 77 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉన్నది. ఆల్కహాలు నీటికంటె తేలిక, మిల్లీలీటరు 0.789 గ్రాము మాత్రమే తూగుతుంది. గుణిస్తే సుమారు 61 గ్రాములు వస్తుంది.

ఇక ఈ గ్రాములను ఏ కొలపాత్రతో కొలవాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ప్రశ్నావళిలో 10 గ్రాముల ఆల్కహాలును ఒక ప్రమాణ మోతాదుగా తీసుకున్నది. బ్రిటనులో ఒక యూనిట్ అంటే 8 గ్రాములు. అమెరికాలో ఒక డ్రింకు అంటే 14 గ్రాములు. కనుక మా మావయ్య తాగే ఒకే సీసా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 6, లండను లెక్కలో ఏడున్నర పైచిలుకు, అమెరికా లెక్కలో 4 పైచిలుకు అవుతుంది. యాపు ఏ దేశంలో పుట్టిందో తెలియకుండా అది చూపే అంకెను నమ్మడం, సోలతో కొలిచారో తవ్వతో కొలిచారో అడగకుండా బియ్యం కొనడం వంటిది.

ఇంకొక చిక్కు ఉన్నది. బ్రిటను వైద్యాధికారులు 2016లో నిర్ణయించిన హద్దు వారానికి 14 యూనిట్లు, అదీ మూడు రోజులు లేదా అంతకెక్కువ రోజులకు పంచుకొని. వారం మొత్తాన్ని మాత్రమే చూసే యాపు అయితే మా మావయ్య ఏడున్నర యూనిట్లు చూసి, మీరు హద్దులోపలే ఉన్నారని పచ్చరంగు చూపుతుంది. కాని ఆ ఏడున్నరా ఆయన ఒక్క సాయంత్రంలోనే, గంటన్నరలో పూర్తిచేస్తాడు. బట్వాడా కూలి జీవితంలో తాగుడు వారమంతా పరుచుకొని ఉండదు, ఒక రోజు మీద పడుతుంది.

సీసా కనుక ఇంతవరకు లెక్క సాధ్యమైంది. బీరూ అంతే. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం రకమైతే 26 గ్రాములు, 8 శాతం రకమైతే 41 గ్రాములు. రెండూ ఒకే పరిమాణం గనుక తాగేవాడు రెండింటినీ ‘ఒక బీరు’ అనే అంటాడు, యాపు కూడా చాలాసార్లు అలాగే ఎంచుకుంటుంది. కల్లు దగ్గరకు వచ్చేసరికి అసలు కష్టం మొదలవుతుంది.

తాటిగెల కోసి కుండ కట్టినప్పుడు దిగే రసం ఆల్కహాలు లేని తియ్యని నీరు. కుండలో సున్నం పూసి ఉంచితే అది నీరాగానే నిలుస్తుంది. సున్నం లేని కుండలో ఈస్టు, జైమోమోనాస్ అనే బాక్టీరియా చేరి, అందులోని చక్కెరను ఆల్కహాలుగాను బొగ్గుపులుసు వాయువుగాను విడగొడతాయి. నురగ ఆ వాయువు వల్ల వచ్చేదే. రసంలో నూటికి 12 పాళ్ళు చక్కెర ఉన్నదనుకుందాము. అంతా పులిసిపోతే సిద్ధాంతరీత్యా 8 శాతం వరకు ఆల్కహాలు రావలసి ఉన్నది. నిజానికి అంత రాదు. కొంత చక్కెర మిగిలిపోతుంది, కొంత ఆల్కహాలును వేరొక జాతి బాక్టీరియా పులుపుగా మార్చివేస్తుంది. ఉదయం 3 శాతం ఉన్న కల్లు సాయంత్రానికి 5 శాతం అయినదనుకుంటే, లీటరుకు 24 గ్రాములు ఉన్న ఆల్కహాలు 39 గ్రాములయిందన్నమాట. కుండ అదే, ముంత అదే, ధర అదే. గడియారం మాత్రం తిరిగింది. ఏ యాపైనా ‘ఎన్ని గ్లాసులు’ అని అడుగుతుంది గాని ‘ఏ వేళప్పుడు దించినది’ అని అడిగినది నేను చూడలేదు.

2022లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుంచి విడదీసిన పార్వతీపురం మన్యం జిల్లాకు, సీతంపేట వైపుకు, పోతే తాటికి బదులు జీలుగు చెట్టు కనిపిస్తుంది. అక్కడ జీలుగు కల్లును ఆనపబుర్రతో పోసుకుంటారు, నలుగురు కలిసి తాగుతారు. ఎవరి వాటా ఎంతో ఎవరూ కొలవరు, కొలిస్తే మర్యాద కాదు. ఒరిస్సా సరిహద్దు పల్లెలలో దొరికే నాటుసారా సంగతి వేరు. దాని బలం బట్టీ బట్టీకీ మారుతుంది, అందులో ఏమి కలిపారో తాగేవానికి తెలియదు. అటువంటి దానికి లెక్క చెప్పే యాపు ఉన్నా అది చెప్పే అంకె అబద్ధమే అవుతుంది. ఇక్కడ ప్రమాదం మోతాదుది మాత్రమే కాదు.

మోతాదు సంగతి వచ్చింది కనుక, కొన్ని యాపులు ప్రవేశద్వారంలో పెట్టుకునే ప్రశ్నావళిని చూద్దాము. దాని పేరు ఆడిట్. మా వైపు ఆడిట్ అంటే సొసైటీ లెక్కల తనిఖీ అనుకుంటారు. ఇదీ ఒక విధమైన తనిఖీయే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లో ప్రారంభించిన ఆరు దేశాల ప్రణాళికలోనుంచి ఇది పుట్టింది. ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికాలలో పరీక్షించి 1993లో ఫలితాలు ప్రకటించారు. పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. 8 వచ్చినా, దాటినా తాగుడు ప్రమాదకరంగా మారుతున్నదని గుర్తు. 20 వచ్చినా, దాటినా అది వ్యసనంగా స్థిరపడి ఉండవచ్చునని, నిపుణుడైన వైద్యుని వద్దకు పంపవలెనని గుర్తు. ఈ ఒక్క పరీక్షలో మాత్రం ఎక్కువ మార్కులు వచ్చినవాడు వెనుకబడినవాడు.

మా మావయ్యకు మార్కులు వేసి చూశాను. నెలకు ఎన్నిసార్లు తాగుతారన్నదానికి 2. తాగిన రోజున ఎంత అన్నదానికి, సీసాలో ఆరు మోతాదులు గనుక, 2. ఆరు లేక అంతకెక్కువ మోతాదులు ఒకేసారి తాగడం ఎంత తరచుగా అన్నదానికి, వారం వారం గనుక, 3. అప్పటికే 7. పదో ప్రశ్న, తగ్గించుకొమ్మని డాక్టరుగాని బంధువులుగాని ఈ ఏడాదిలో చెప్పారా అని. చెప్పారు గనుక 4. మొత్తం 11. నాలుగే ప్రశ్నలతో ‘ఊరు తాగుబోతు అనని మనిషి’ ప్రమాదపు గీత దాటాడు. “ఒక్క క్వార్టరే గదా” అనే మాటకు శాస్త్రం చెప్పే సమాధానం ఇది.

దీనికి పక్కన మరొక పత్రాన్ని పెట్టి చూడండి. అసాంక్రమిక వ్యాధుల తనిఖీ కోసం ఆశా కార్యకర్తలు 30 ఏళ్ళు దాటినవారి ఇళ్ళకు వచ్చి నింపే పట్టిక దేశమంతటా అమలులో ఉన్నది. అందులో మద్యాన్ని గురించిన ప్రశ్న ఒక్కటే. రోజూ మద్యం తాగుతారా? తాగితే 1, లేకపోతే సున్న. మా మావయ్య జవాబు లేదు అనే, అది సత్యమే. ఆ పట్టికలో ఆయనకు సున్న వస్తుంది. ఆయనేకాదు, మన జిల్లాలలో శనివారం తాగేవారు, సంత రోజున తాగేవారు, పండుగకు తాగేవారు, వలసపోయి ఊరికి తిరిగి వచ్చినప్పుడు వారంరోజులు తాగేవారు, అందరికీ సున్నే. రోజూ అన్న ఆ ఒక్క మాటకు బదులు ‘ఒకేసారి ఒక క్వార్టరు లేక అంతకెక్కువ తాగడం నెలలో ఎన్నిసార్లు’ అని వ్రాస్తే ఎంత మార్పు వచ్చేదో! యాపుల లోపాలు ఎంచడానికి కూర్చున్న నేను ఇక్కడ వాటిని మెచ్చుకోక తప్పదు. అవి కనీసం సరియైన ప్రశ్న అడుగుతున్నాయి.

ఇక ఈ యాపుల వల్ల తాగుడు నిజంగా తగ్గుతుందా? దీనికి జవాబు ప్రకటనలలో దొరకదు, ప్రయోగాలలో దొరకాలి. ప్రయోగం అంటే వందలమందిని తీసుకొని, చీట్లు వేసినట్లుగా రెండు జట్లు చేసి, ఒక జట్టుకు యాపు ఇచ్చి, రెండవదానికి ఇవ్వక, కొన్ని నెలల తరువాత ఇద్దరినీ పోల్చడం. ఎవరు ఏ జట్టులోకి పోవాలో పరిశోధకుడు ఎంచకూడదు, చీటీయే ఎంచాలి. లేకుంటే తగ్గించాలని ముందే నిశ్చయించుకున్నవారు ఒకవైపు చేరిపోతారు.

బ్రిటనులో ‘డ్రింక్ లెస్’ అనే యాపును లండను యూనివర్సిటీ కాలేజి పరిశోధకులు తయారుచేశారు. దానిపై 5,602 మందితో జరిపిన ప్రయోగం 2024లో ప్రచురితమైంది. ఒక జట్టుకు యాపును, రెండవ జట్టుకు అక్కడి ఆరోగ్యశాఖవారి సలహా పుటను చూపారు. ఆరు నెలల తరువాత అయిదుగురిలో ఒకరు జవాబు చెప్పలేదు. జవాబు చెప్పనివారంతా మునుపటిలాగే తాగుతున్నారని అనుకొని లెక్క కడితే, యాపు జట్టుకు వారానికి ఒక యూనిట్‌కు కొంచెం తక్కువగా మాత్రమే మేలు కనిపించింది. అది యాదృచ్ఛికమైనా కావచ్చును. జవాబు చెప్పనివారిని చెప్పినవారి పోకడనుబట్టి అంచనా కట్టే మరో పద్ధతిలో, అదీ ముందే ప్రకటించి పెట్టుకున్నదే, వారానికి 2 యూనిట్ల మేలు తేలింది. రెండు యూనిట్లు అంటే 16 గ్రాములు, మన క్వార్టరులో నాలుగోవంతుకంటె కొంచెం ఎక్కువ. ఈ వార్తను ప్రచురించేవారు రెండవ అంకెను పెద్ద అక్షరాలతోను, మొదటిదానిని చిన్న అక్షరాలతోను వేస్తారు. ఉపాధ్యాయులు తరగతిలో రెండూ బల్లమీద వ్రాయవలెనని నా మనవి.

స్విట్జర్లాండులో 1,770 మంది విద్యార్థులతో జరిపి 2023లో ప్రకటించిన ప్రయోగంలో ఫలితం ఇంకొంచెం గట్టిగా వచ్చింది. యాపు ఉన్నవారు లేనివారికంటె పదింట ఒక వంతు తక్కువ తాగారు. అమెరికాలో 2014లో ప్రకటించిన ప్రయోగం వేరు రకానిది. అందులో 349 మంది ఆసుపత్రిలో ఉండి వ్యసనానికి చికిత్స పొంది ఇళ్ళకు పోతున్నవారు. వారికి ఇచ్చిన ఫోనులో లెక్కలతోపాటు, కష్టకాలంలో నొక్కితే తోడువారికి, సలహాదారుకు కబురు అందే ఏర్పాటు ఉన్నది. ఫోను ఉన్నవారికి నెలలో అతిగా తాగిన రోజులు సగటున 1.39, లేనివారికి 2.75. మూడింటిలోనూ ఎక్కువ మేలు కనిపించినది ఫోను వెనుక మనుషులు ఉన్నచోటనే అని గమనించాలి. మూడూ వేరువేరు రకాల రోగులపై జరిగినవి గనుక నేరుగా పోల్చకూడదు. అయినా ఆ సూచన నాకు విస్మరించదగినదిగా కనిపించలేదు.

స్వీడను అనుభవం మనకు హెచ్చరిక. అక్కడి ప్రభుత్వ మద్యవిక్రయ సంస్థ సిస్టెంబొలాగెట్ ‘ప్రోమిల్లెకొల్’ అనే యాపు ఇచ్చింది. తాగినది నమోదు చేస్తే రక్తంలో ఆల్కహాలు ఎంత ఉన్నదో అది అంచనా కట్టి చూపుతుంది. 1,932 మంది విశ్వవిద్యాలయ విద్యార్థులతో దానిని, మరొక యాపును పరీక్షించి 2014లో ఫలితం ప్రకటించారు. ప్రోమిల్లెకొల్ వాడిన మగపిల్లలు తాగిన సార్లు తగ్గలేదు సరిగదా, యాపు లేనివారితో పోలిస్తే పెరిగాయి. అంకె వారికి హెచ్చరికగా కాక ఆటలో స్కోరులాగా కనిపించి ఉండవచ్చును.

అటువంటి అంచనా వెనుక ఉండేది విడ్మార్క్ అనే స్వీడిషు శాస్త్రజ్ఞుడు 1932లో ప్రకటించిన సూత్రం. తాగిన ఆల్కహాలును శరీరపు బరువులో 0.68 వంతుతో భాగించాలి; ఈ గుణకం మగవారికి, ఆడవారికి ఇంకా తక్కువ. 60 కిలోల మనిషి ఒక క్వార్టరు తాగితే రక్తంలో 100 మిల్లీలీటర్లకు సుమారు 150 మిల్లీగ్రాములు వస్తుంది. మన మోటారు వాహనాల చట్టం అనుమతించేది 30. కాలేయం గంటకు 15 చొప్పున తగ్గిస్తుందనుకుంటే, రాత్రి 11కు సీసా ముగించినవాడు చట్టపు హద్దులోకి వచ్చేది ఉదయం 7కు. తెల్లవారి టీ తాగి, స్నానం చేసి, మోటారు సైకిలు ఎక్కే తాపీమేస్త్రికి ఈ లెక్క చెప్పవలసినదే. కాని తాగుతూ తాగుతూ ఫోనులో ఆ అంకెను చూసుకోవడం వేరు. ఎంత ఎక్కినది అని చూపే అంకెకూ ఎంత తాగినది అని చూపే అంకెకూ భేదం ఉన్నది. మొదటిది వినోదం, రెండవది పద్దు.

పద్దు కూడా అందరికీ క్షేమం కాదు. రోజూ తాగి, ఉదయాన్నే చేతులు వణికే దశకు చేరినవాడు యాపు మాట విని ఒక్కసారి మానివేస్తే ప్రాణాపాయం. మానిన కొన్ని గంటలకే వణుకు, చెమట మొదలవుతాయి. రెండు రోజులలోపల మూర్ఛలు రావచ్చును. రెండవ రోజునుంచి నాలుగవ రోజులోపల మతి చెదరి, లేనివి కనిపించి, జ్వరంతో మనిషి చనిపోనూవచ్చును. ఇటువంటివానికి కావలసినది డాక్టరు, మంచం, మందులు. ఆడిట్‌లో 20 మార్కులు దాటినవానికి యాపు తన తలుపు మూసి ఆసుపత్రి తలుపు చూపాలి. కొన్ని యాపులు ఆ మాట ఎక్కడో అట్టడుగు పుటలో చెప్పి ఊరుకుంటున్నాయి. ఇది చిన్న లోపం కాదు.

మరి ఫోను ఎవరిది? లండనులో ఫోను అంటే ఒక మనిషిది. మా మావయ్య ఫోనులో ఉదయం మనుమరాలు పాఠం చూస్తుంది, మధ్యాహ్నం అత్తయ్య చెన్నపట్నంలో పనిచేసే కొడుకుతో మాట్లాడుతుంది, రీచార్జి అయిపోతే పదిరోజులు అది మూగబోతుంది. డ్రింక్ లెస్ వారు రాత్రి 8 గంటలకు జ్ఞాపకం చేసే కబురు పంపితే, తరువాతి గంటలో యాపు తెరిచేవారి సంఖ్య మూడున్నర రెట్లయిందని కనుగొన్నారు. తెరవడం తగ్గించడం కాదన్నమాట అలా ఉంచండి. ఆ 8 గంటలకు మా ఇంట్లో ఫోను మనుమరాలి చేతిలో ఉంటుంది. “తాతా, ఈరోజు తాగినావా అని అడుగుతున్నాది” అని ఆ పిల్ల చదివి వినిపిస్తే, అది రహస్యంగా చికిత్స పొందడం కాదు. మావయ్యకు సీసా జ్ఞాపకం వచ్చే వేళ అసలు 8 కాదు. సాయంత్రం ఆరున్నరకు, మేస్త్రి డబ్బు చేతిలో పెట్టి, దారిలో దుకాణం కనిపించినప్పుడు.

దుకాణం మాట వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన ఉద్యమం వల్ల 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చాయి, 1997లో సంపూర్ణ నిషేధం పోయింది, సారా నిషేధం మాత్రం నిలిచింది. 2019 అక్టోబరు నుంచి అయిదేళ్ళు ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలను ప్రయివేటు వారికి ఇచ్చి, 99 రూపాయలకు క్వార్టరు దొరికే ఏర్పాటు చేశారు. ఒక ప్రమాణ మోతాదు పదహారు రూపాయల పైచిలుకుకు వస్తుందన్నమాట. ధర, దుకాణం, వేళలు తాగుడును ఎంతగా నిర్ణయిస్తాయో ప్రపంచ ఆరోగ్య సంస్థ పదేపదే చెపుతున్నది. ఫోనులో యాపు పెట్టి, తగ్గించుకోవడం నీ బాధ్యత అని చెప్పడంలో ఆ మాటను మరుగుపరిచే ప్రమాదం ఉన్నది. మద్యం అమ్మే సంస్థే యాపు పంచిన స్వీడను ముచ్చట ఇక్కడ కూడా జ్ఞాపకం రావాలి.

అయితే ఏమి చేయాలి? మన దేశంలోనే గోవాలో సంగాత్ అనే సంస్థవారు జరిపిన ప్రయోగం 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో 377 మంది మగవారు, ఆడిట్‌లో 12 నుంచి 19 మార్కులు వచ్చినవారు. వారితో మాట్లాడినది వైద్యులు కారు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు కారు. తర్ఫీదు ఇచ్చిన సామాన్యులు. మహా అయితే నాలుగుసార్లు కూర్చుని మాట్లాడారు. మూడు నెలల తరువాత, అలా మాట్లాడినవారిలో నూటికి 36 మంది, మామూలు సలహా మాత్రమే పొందినవారిలో 26 మంది ప్రమాదపు గీత దిగువకు వచ్చారు. ఆ సంస్థే ఆ తరువాత ఫోను సందేశాల ద్వారా ఇటువంటి సలహా ఇచ్చే పద్ధతిని కూడా రూపొందించింది. మొదట మనిషి, తరువాత ఫోను. ఈ వరుస నాకు సరియైనదిగా కనిపిస్తున్నది. ఇప్పటికే 14416 అనే నంబరుకు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడే సలహాదారు దొరుకుతారు. 2022లో మొదలైన టెలి మానస్ ఇది. మత్తు అలవాట్లకు 14446 వేరే ఉన్నది. వీటికి స్మార్టుఫోను అక్కరలేదు, బొత్తాముల ఫోను చాలు.

తెలుగులో ఇటువంటి యాపు తయారుచేయదలచిన ఇంజనీరు విద్యార్థులు నావద్దకు వస్తే, ఇంగ్లీషు యాపును తెలుగు చేయవద్దని మాత్రం చెపుతాను. పింటు అన్న మాటను తెలుగు లిపిలో వ్రాసినంతమాత్రాన అది ముంత కాదు. క్వార్టరు, నైంటీ, ముంత, దొప్ప, బుర్ర బొమ్మలుగా కనిపించాలి. కల్లయితే వేళ అడగాలి. చదవడం రానివానికి మాట వినిపించాలి, అదీ మా వైపు పలుకుబడిలో. వారం మొత్తం కాక ఒక్కరోజు మొత్తాన్ని ముందు చూపాలి. ఎవరు ఎంత తాగుతున్నారన్న పద్దు ఫోను దాటి బయటకు పోకూడదు. అప్పు ఇచ్చే కంపెనీకో భీమా కంపెనీకో అది చేరితే ఎంత అనర్థమో వేరే చెప్పనక్కరలేదు.

అటువంటి యాపు లేదు గనుక మావయ్యకు నేను గోడ కాలెండరు ఇచ్చాను. ముప్ఫై మిల్లీలీటర్ల పెగ్గులో సుమారు 10 గ్రాములు ఉంటుంది గనుక పెగ్గుకు ఒక గీత. నైంటీకి మూడు, క్వార్టరుకు ఆరు. ఆయన ముంతను కాలేజీ నుంచి తెచ్చిన కొలజాడీతో కొలిస్తే 600 మిల్లీలీటర్లు పట్టింది. ఉదయపు కల్లుకు రెండు గీతలు, సాయంకాలపు కల్లుకు మూడు అని పెట్టాను. తప్పు జరిగితే ఎక్కువ వైపే జరగాలని పైకి సవరించాను. మొదటి హద్దు ఒక రోజుకు మూడు గీతలు. “అంటే సీసా కటింగే గదా” అన్నాడు. ఔనన్నాను. ఇద్దరు మేస్త్రీలు ఒక సీసా పంచుకోవడాన్ని మా వైపు కటింగు అంటారు. ఆ మాటతో ఆయన ప్రశ్నకు ఆయన భాషలో జవాబు దొరికింది.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు కాలెండరు చూశాను. శనివారాలలో సగానికి పైగా మూడేసి గీతలు ఉన్నాయి. కొన్నింటిలో ఆరు. ఒక శనివారం ఖాళీ. కనుమ నాడు పెన్సిలుతో నాలుగు గీతలు, పక్కన మరో మూడు గీతలు బొగ్గుతో. బొగ్గు గీతలు ఏమిటని అడిగితే మావయ్య మాట్లాడలేదు. పొయ్యి దగ్గరనుంచి అత్తయ్య, “ఆయన మరిసిపోయినవి నాను గీసినాను బావూ” అన్నది.